ఓస్లో నుంచి బెర్గెన్‌కు, పెట్రోలు చుక్క లేకుండా

ఓస్లో నుంచి బెర్గెన్‌కు రైల్లో వెళ్లమని అందరూ చెప్పారు. నాకు మాత్రం రోడ్డే చూడాలనిపించింది. పెట్రోలు కార్లను అందరికంటే ముందు సాగనంపుతున్న దేశం నార్వే మరి. అక్కావాళ్లు అక్కడే ఉంటారు కాబట్టి, బావగారి ఎలక్ట్రిక్ కారులో మార్చి నెల చలిలో బయల్దేరాం.

ఊరు దాటకముందే నా చూపంతా నంబరు ప్లేట్ల మీదే. ‘ఈఎల్’, ‘ఈకే’, ‘ఈవీ’ అని మొదలైతే అది బ్యాటరీ కారు. ఎటు చూసినా అవే. 2024లో ఇక్కడ అమ్ముడైన కొత్త కార్లలో దాదాపు 89 శాతం ఎలక్ట్రిక్‌వి.

“ఇక్కడివాళ్లకి పర్యావరణం మీద అంత ప్రేమా బావగారూ?” అన్నాను.

“ప్రేమ సంగతి సరే, ముందు లెక్క కుదరాలి కదయ్యా!” అన్నారు.

ఆ లెక్క కుదిర్చింది ప్రభుత్వమే. పెట్రోలు కారు కొంటే రిజిస్ట్రేషన్ పన్ను, దాంతోపాటు కారు ధర మీద 25 శాతం వ్యాట్. ఎలక్ట్రిక్ కారుకు మొదటిది 1990లో ఎత్తేశారు, రెండోది 2001లో. ఖరీదైన కార్లకు మాత్రం ఈమధ్య వ్యాట్ మళ్లీ వేస్తున్నారు. ప్రభుత్వాలు మారినా ఏళ్ల తరబడి ఆ దారి వదల్లేదు. నాకు బాగా నచ్చింది ఆ పట్టుదలే.

దీనికి బీజం వేసినవాళ్లలో పాటగాళ్లూ ఉన్నారు. 1989లో ‘ఆ-హా’ బ్యాండ్ సభ్యులు, బెలోనా అనే పర్యావరణ సంస్థకు చెందిన ఫ్రెడరిక్ హౌగెతో కలిసి, బ్యాటరీ బిగించిన ఒక ఫియట్ పాండాను దేశంలోకి తెచ్చారు. టోల్ కట్టం అని భీష్మించుకుని తిరిగారు. జరిమానాలు పడ్డాయి, కారు జప్తయింది, వేలానికి పెడితే మళ్లీ వాళ్లే కొనుక్కున్నారు. 1997లో ఎలక్ట్రిక్ కార్లకు టోల్ రద్దయింది.

ఫాగర్నెస్‌లో ఛార్జింగ్‌కు ఆగాం. చలికి బ్యాటరీ బిగుసుకుపోతే కరెంటు నెమ్మదిగా ఎక్కుతుంది. అందుకే బావగారు ఛార్జర్‌ని ముందే నావిగేషన్‌లో పెట్టారు. అక్కడికి చేరేలోపు కారే బ్యాటరీని వెచ్చబరుచుకుంటుంది. 80 శాతం కాగానే తీసేశారు. ఆ తర్వాత వేగం పడిపోతుంది, నిలబడి లాభం లేదు.

అక్కణ్ణుంచి ఫిలెఫ్యెల్ కొండెక్కుతుంటే బ్యాటరీ శాతం చకచకా తరిగింది. చలికాలంలో రేంజి, అంటే ఒక్క ఛార్జితో వెళ్లగల దూరం, ఎటూ తగ్గుతుంది, పైగా హీటరు. నాకు గుండె కాస్త దడదడలాడింది. పైనుంచి దిగేటప్పుడు కథ మారింది. బావగారు బ్రేకు తొక్కడం లేదు; యాక్సిలరేటరు మీద నుంచి కాలు తీస్తే చాలు, మోటారే జనరేటరుగా మారి కారును నిలవరిస్తోంది. నిటారు మలుపుల్లో అంకె ఒక్కొక్కటిగా పెరగడం కళ్లారా చూశాను. ఎక్కడానికి పోయినదంతా రాలేదు గానీ, పెట్రోలు కారులో ఆ శక్తంతా బ్రేకుల్లో వేడిగా పోయేదే.

తర్వాత లార్డాల్ సొరంగం. 24.5 కిలోమీటర్లు, 2000లో తెరిచారు. బండ్ల పొగనూ దుమ్మునూ శుద్ధి చేయడానికి లోపలే ఒక ప్లాంటు కట్టాల్సి వచ్చిందట. మా ముందూ వెనకా పొగ గొట్టాలు లేని కార్లే వెళ్తుంటే, కొత్తగా సొరంగం తవ్వేవాళ్లకి ఎంత ఖర్చు తప్పుతుందో అనిపించింది.

ఒక్కటి మాత్రం మింగుడుపడలేదు. ఇంట్లో పెట్రోలు మానేస్తున్న ఈ దేశమే ఉత్తర సముద్రంలో చమురు తోడి బయటికి అమ్ముతోంది. ఇక్కడి కరెంటులో దాదాపు 90 శాతం జలవిద్యుత్తు, నిజమే. చమురు అమ్మకం తగ్గనిదే ఈ మార్పు సగమేనని నా అభిప్రాయం.

బెర్గెన్ నుంచి ఉత్తరానికి, ఒప్పెదాల్ రేవుకు కూడా వెళ్లాం. అక్కడి నుంచి సోగ్నెఫ్యోర్డ్ అనే సముద్రపు పాయ దాటించి అవతలి ఒడ్డున లావిక్ చేర్చడానికి ‘ఆంపియర్’, కార్లను మోసే తొలి పూర్తి బ్యాటరీ ఫెర్రీ, 2015లో మొదలైంది. ఒడ్డున ఆగే ఆ కొద్ది నిమిషాల్లోనే ఛార్జి కావాలి, స్థానిక లైనుకేమో అప్పట్లో అంత కరెంటు ఒక్కసారిగా ఇచ్చే శక్తి లేదు. అందుకని రేవులోనే పెద్ద బ్యాటరీలు పెట్టారు. ఫెర్రీ లేనప్పుడు అవి నిదానంగా నిండుతాయి, రాగానే దానికి ఇచ్చేస్తాయి. కరెంటు లైన్లు బలహీనం, మన దగ్గర ఇవన్నీ కుదరవు అనేవాళ్లను నేనైతే ముందు ఆ రేవుకే తీసుకెళ్తాను.