లండన్ వీసా, మా నాన్న చదివిన పట్టీ

మాది గుంటూరు, బ్రాడీపేట. మా నాన్న మిర్చి యార్డు దగ్గర ఒక కమీషన్ షాపులో ముప్పై ఏళ్ళుగా గుమస్తా. నేను సీఏ పూర్తిచేసి హైదరాబాద్‌లో ఒక విదేశీ ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకులో అనలిస్టుగా చేరినప్పుడు, "ఇంతకీ డిపాజిట్లు తీసుకుంటారా, లోన్లు ఇస్తారా?" అని అడిగాడు. రెండూ కాదన్నాను. ఒక కంపెనీని ఇంకో కంపెనీ కొంటుంటే మధ్యలో ఉండి, ధర ఎంత ఉండొచ్చో లెక్క కట్టి, బేరం తెగ్గానే ఫీజు తీసుకుంటామని చెప్పాను. కాసేపు ఆలోచించి, "సరుకూ మీది కాదు, డబ్బూ మీది కాదు. కమీషన్ వ్యాపారమే గదరా" అన్నాడు. మా పని గురించి ఇంత సూటిగా చెప్పినవాళ్ళు ఆఫీసులో కూడా ఎవరూ నాకు తగల్లేదు.

హైదరాబాద్‌లో మేం చేసేది లండన్ టీమ్ కోసమే. వాళ్ళు సాయంత్రం దిద్దుబాట్లు రాసిన మార్కప్‌లు పంపి ఇళ్ళకు పోతే, పొద్దున వాళ్ళు వచ్చేసరికి ఎక్సెల్ మోడల్, స్లైడ్లు సిద్ధంగా ఉండాలి. పని అదే, పేరు మాత్రం సపోర్ట్. క్లయింట్ మొహం చూడాలంటే అక్కడికి వెళ్ళాలి. 2023 చివర్లో ఆ పురుగు నా బుర్రలో దూరింది.

ముందు బయట బ్యాంకులకు అప్లికేషన్లు పెట్టాను. విదేశీయుల్ని ఉద్యోగానికి తెచ్చుకోవడానికి కావాల్సిన స్పాన్సర్ లైసెన్స్ ఉన్న కంపెనీల జాబితాను బ్రిటన్ ప్రభుత్వం తన వెబ్‌సైట్‌లోనే ఉంచుతుంది. దాన్ని దించుకుని, నాకు పనికొచ్చే పేర్లు ఏరి ఒక షీట్ చేసుకున్నాను. అయితే లైసెన్స్ ఉన్నంత మాత్రాన మనల్ని స్పాన్సర్ చేస్తారని కాదు. ప్రతి అప్లికేషన్‌లోనూ ఒక ప్రశ్న ఉంటుంది: ఇప్పుడు గానీ ముందుముందు గానీ మీకు స్పాన్సర్‌షిప్ కావాలా? 'అవును' అని కొట్టి రాత్రి పడుకుంటే, తెల్లారేసరికి 'క్షమించండి' అని మెయిల్ వచ్చి ఉండేది. 'కాదు' అని కొట్టెయ్, ఇంటర్వ్యూ అయ్యాక చూసుకోవచ్చని ఒక స్నేహితుడు సలహా ఇచ్చాడు. ఆఖర్లో అబద్ధం బయటపడితే ఆ బ్యాంకులో ఇక నా పేరు చెల్లదు. కొట్టలేదు.

ఇంకో దారి లాటరీ. ఇండియా యంగ్ ప్రొఫెషనల్స్ స్కీమ్ అని, 18 నుంచి 30 ఏళ్ళ వయసున్న డిగ్రీవాళ్ళకు ఏడాదికి 3,000 వీసాలు. స్పాన్సర్ అక్కర్లేదు, రెండేళ్ళు ఉండొచ్చు. 2024 ఫిబ్రవరిలో తీసిన డ్రాకి పేరు ఇచ్చాను. పైసా ఖర్చు లేదు. రాలేదు. అదే సమయంలో, కంపెనీ స్పాన్సర్ చేస్తే వచ్చే స్కిల్డ్ వర్కర్ వీసాకి కనీస జీతాన్ని 26,200 పౌండ్ల నుంచి 38,700కి పెంచుతున్నారని, ఏప్రిల్ 4 నుంచి అమలని మా వాట్సాప్ గ్రూపులన్నీ ఒకటే గోల. నిజానికి లండన్ బ్యాంకుల్లో అనలిస్టు జీతం దానికంటే బాగా ఎక్కువే. మా టెన్షన్ జీతం గురించి కాదు. అక్కడే చదువుకుని, గ్రాడ్యుయేట్ వీసా మీద రెండేళ్ళు ఎవరి స్పాన్సర్‌షిప్పూ లేకుండా పనిచేయగల మన పిల్లలే వేలల్లో ఉండగా, ఇక్కడున్న నన్ను ఎందుకు తీసుకెళ్ళాలి? దీనికి నా దగ్గర ఒక్కటే జవాబు: మూడేళ్ళుగా వాళ్ళ మోడళ్ళు కడుతున్నది నేనే. అంటే నేను అడగాల్సింది బయటి బ్యాంకుల్ని కాదు, మా లండన్ టీమ్‌ని.

అడిగాను. ఏప్రిల్‌లో ఒకతను మానేసి ఖాళీ వచ్చింది. మోడలింగ్ టెస్ట్, రెండు రౌండ్లు అయ్యాయి. ఆఖరి ఇంటర్వ్యూ మే 14 అన్నారు. మే 13న మాకు పోలింగ్. ఓటు కోసం గుంటూరు వచ్చి ఉన్నాను కాబట్టి, మేడ మీద గదిలో, ఇన్వర్టర్ వైరు లాప్‌టాప్‌కి తగిలించుకుని కూర్చున్నాను. నీకు బాగా తెలిసిన ఒక వ్యాపారంలో వర్కింగ్ క్యాపిటల్ (రోజువారీ నడవడానికి కావాల్సిన డబ్బు) ఎలా తిరుగుతుందో చెప్పమన్నాడు ఒక డైరెక్టర్. నేను కోల్డ్ స్టోరేజీల గురించి చెప్పాను. వేసవిలో మిర్చి టిక్కీలు (బస్తాలు) ఒక్కసారిగా యార్డు మీద పడితే ధర పడిపోతుంది, ఆగగలిగిన రైతు సరుకును కోల్డ్ స్టోరేజీలో పెట్టి వాళ్ళిచ్చే రసీదు బాండు మీద అప్పు తెచ్చుకుంటాడు, ధర వచ్చేదాకా వడ్డీ, అద్దె పెరుగుతూ ఉంటాయి, ఏ రోజు అమ్మితే ఆ పెరుగుదలను ధర దాటుతుందన్నదే మొత్తం ఆట. ఆయన ఇరవై నిమిషాలు దాని మీదే ప్రశ్నలు వేశాడు. కింద నాన్న టీవీ సౌండు తగ్గించి వింటున్నాడని తర్వాత అమ్మ చెప్పింది.

జూన్‌లో ఆఫర్ వచ్చింది. అసలు కథ అక్కణ్ణుంచే.

మా హెచ్‌ఆర్ మొదట పంపిన కాగితాల్లో వీసా పేరు సీనియర్ ఆర్ స్పెషలిస్ట్ వర్కర్ అని ఉంది. ఒకే గ్రూపు కంపెనీలో ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పంపేటప్పుడు వాడే దారి అది. కంపెనీలకు అలవాటైన దారి, ఇంగ్లిష్ రుజువు కూడా అడగరు. కానీ దాని మీద ఉన్న కాలం ఐదేళ్ళ శాశ్వత నివాసం లెక్కలోకి రాదు. స్కిల్డ్ వర్కర్ మీదైతే అప్పటి నిబంధనల ప్రకారం ఐదేళ్ళకు అడగొచ్చు. ఈ తేడా నాకెవరూ చెప్పలేదు. రెండు రాత్రులు నిబంధనలు చదివితే తెలిసింది. మార్చగలరా అని మర్యాదగా రెండు వాక్యాల మెయిల్ రాశాను. అభ్యంతరం లేదని జవాబొచ్చింది. అడక్కపోతే మాత్రం వాళ్ళంతట వాళ్ళు మార్చేవాళ్ళు కాదు.

ఇక ఆఫర్ లెటర్. ఆరు పేజీలు. నాన్న దాన్ని చదివి చెప్పమన్నాడు. నేను తెలుగులో చెబుతుంటే ఆయన పాత క్యాలెండర్ కాగితం వెనక రాసుకుంటూ పోయాడు, రైతుకు పట్టీ (సరుకు అమ్మగా వచ్చిన డబ్బు, కోతలు చూపించే లెక్క చీటీ) కట్టినట్టు. జీతం, బోనస్, టిక్కెట్టు, నెల రోజుల బస. తర్వాత ఖర్చులు: వీసా ఫీజు 719 పౌండ్లు, మూడేళ్ళకు హెల్త్ సర్‌ఛార్జ్ (అక్కడి ప్రభుత్వ వైద్యానికి కట్టేది) ఏడాదికి 1,035 చొప్పున 3,105, లాయర్ ఫీజు, ఇమిగ్రేషన్ స్కిల్స్ ఛార్జ్ ఏడాదికి 1,000 చొప్పున 3,000. అన్నీ కంపెనీయే కడుతుంది. నాలుగో పేజీ చివర, రెండేళ్ళలోపు నా అంతట నేను మానేస్తే ఇవన్నీ తిరిగి కట్టాలని ఉంది.

"ఇవన్నీ అంటే అన్నీనా?" అన్నాడు.

"అన్నీనే."

"ఈ మూడు వేలది ఏంటి?"

బయటి దేశం మనిషిని తెచ్చుకుంటున్నందుకు కంపెనీ మీద అక్కడి ప్రభుత్వం వేసే పన్ను లాంటిదని చెప్పాను. పెన్ను ఆపాడు. "మరి సెస్సు లాంటిదేగా. యార్డు సెస్సు కొనేవాడు కట్టాలి, రైతు పట్టీలో కొయ్యకూడదు. అట్టాంటి రూలు అక్కడ లేదా?"

ఉంది. వెతికితే ప్రభుత్వ మార్గదర్శకాల్లోనే స్పష్టంగా ఉంది, ఆ ఛార్జిని ఉద్యోగి మీదకు నెట్టకూడదని. కావాలని పెట్టారని నేను అనుకోను, ఏదో పాత నమూనా కాపీ అయ్యుంటుంది. రాస్తే నాలుగు రోజుల్లో ఆ లైను తీసేసి కొత్త లెటర్ పంపారు. సీఏ చదివిన నాకు కనపడనిది, పదో తరగతితో ఆపేసిన ఆయనకు కనపడింది. ఆయన రెండో ప్రశ్నకు మాత్రం మంచి జవాబు లేకపోయింది. "వాళ్ళే తీసేస్తే?" వీసాని కుదిస్తారు, మామూలుగా 60 రోజుల్లో ఇంకో స్పాన్సర్‌ని వెతుక్కోవాలి, లేదా వచ్చెయ్యాలి. బ్యాంకుల్లో ఉద్యోగాలు ఎట్టా పోతాయో తెలిసినవాళ్ళకు 60 రోజులంటే ఎంతో తెలుసు. అమ్మకు ఆ సంగతి చెప్పొద్దన్నాడు.

తర్వాత పేరు గొడవ. ఇది మన తెలుగువాళ్ళ ప్రత్యేక తలనొప్పి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ముందు, డిగ్రీలో ఇంటిపేరు ఒక్క అక్షరం, సీఏ సర్టిఫికెట్‌లో ఒకలా, పాస్‌పోర్టులో ఇంకోలా. బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేసే అమ్మాయి లండన్ నుంచి ఫోన్ చేసి ఈ నలుగురూ ఎవరని అడిగింది. గుంటూరు కోర్టు దగ్గర నోటరీతో స్టాంపు కాగితం మీద 'ఈ పేర్లన్నీ ఒకే వ్యక్తివి' అని అఫిడవిట్ చేయించి పంపాను. దానికి తోడు ఇంగ్లిష్ రుజువు. డిగ్రీ ఇంగ్లిష్‌లో చదివినట్టు ఎక్టిస్ అనే సంస్థ ధ్రువీకరిస్తే వేరే పరీక్ష అక్కర్లేదు. నా దగ్గర ఉన్నది ప్రొవిజినల్ మాత్రమే. ఓడీ (ఒరిజినల్ డిగ్రీ) ఇన్నాళ్ళూ తీసుకోలేదు, ఎందుకు తీసుకోలేదంటే బద్ధకం. దాని కోసం మూడు వారాలు తిరిగాను. ఈ పోస్టు చదువుతున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఓడీకి ఇవాళే అప్లై చెయ్యండి.

సర్టిఫికెట్ ఆఫ్ స్పాన్సర్‌షిప్ ఆగస్టులో వచ్చింది. సర్టిఫికెట్ అంటారు గానీ చేతికొచ్చేది ఒక నంబరే. వచ్చిన మూడు నెలల్లోపు వీసాకి అప్లై చెయ్యాలి. టీబీ ఎక్స్‌రే హైదరాబాద్‌లో ముందే తీయించుకున్నాను. వేలిముద్రలకు అక్కడే సెప్టెంబర్ 3, మంగళవారం దొరికింది. ఆ శనాదివారాలు అమ్మానాన్నల దగ్గర ఉండి పోదామని గుంటూరు వచ్చాను.

శనివారం మొదలైన వాన మీకు గుర్తుండే ఉంటుంది. ఆదివారం పొద్దుటికి బుడమేరు వాగు విజయవాడ సింగ్‌నగర్‌ని ముంచేసింది. అటు కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది, ఇటు నందిగామ దగ్గర ఐతవరంలో హైవే మీదకు నీళ్ళు. విజయవాడ నుంచి హైదరాబాద్‌కి రైలూ లేదు, రోడ్డూ లేదు. సోమవారానికి ప్రకాశం బ్యారేజీ 70 గేట్లూ ఎత్తేశారు, 11 లక్షల క్యూసెక్కులు దాటిపోయింది. జనం మేడల మీద అన్నం పొట్లాల కోసం చేతులు చాస్తుంటే టీవీలో చూస్తూ, నా వేలిముద్రల గురించి బెంగపెట్టుకోవడానికి సిగ్గేసింది. అయినా బెంగగానే ఉంది.

అపాయింట్‌మెంట్ మార్చుకోవచ్చు, కానీ మళ్ళీ ఎప్పుడు దొరుకుతుందో. "పిడుగురాళ్ళ మీదుగా పోరా, మన లారీలు అట్టాగే పోతన్నయ్" అన్నాడు నాన్న. సోమవారం పొద్దున్నే బస్సెక్కాను. విజయవాడ వైపు నుంచి మళ్ళించిన బస్సులు కూడా అదే దారి పట్టడంతో పిడుగురాళ్ళ, దాచేపల్లి దాటేసరికే మధ్యాహ్నం. వాడపల్లి వంతెన మీద బస్సంతా లేచి కిటికీల వైపు ఒరిగింది. కింద కృష్ణ ఎర్రగా, ఒడ్లు కనపడకుండా పోతోంది. నా ఒళ్ళో ప్లాస్టిక్ కవరు, కవర్లో పాస్‌పోర్టు. పక్క సీటాయన విజయవాడలో ఇల్లు మునిగి కూతురి దగ్గరికి పోతున్నాడు. ఆయన చేతిలో కూడా అలాంటి కవరే ఉంది. ఇంటి దస్తావేజులట. మిర్యాలగూడలో ఇద్దరం టీ తాగాం. డబ్బులు ఆయనే ఇచ్చాడు, ఎంత చెప్పినా వినలేదు.

మంగళవారం వేలిముద్రల పని పదిహేను నిమిషాల్లో అయిపోయింది. మూడు వారాలు తిరక్కుండానే పాస్‌పోర్టు స్టిక్కరుతో వచ్చింది. అక్టోబర్‌లో విమానం ఎక్కాను. అక్కడ పోస్టాఫీసులో ఇచ్చిన నివాస అనుమతి కార్డు మీద గడువు 31-12-2024 అని ఉంది. నాకు ఇచ్చిన వీసా మూడేళ్ళది. కార్డులు ఎత్తేసి అంతా ఆన్‌లైన్ చేస్తున్నారని, అందరి కార్డుల మీదా అదే తేదీ వేశారని ముందే చదివాను కాబట్టి సరిపోయింది, లేకపోతే అక్కడే కూలబడేవాణ్ణి.

మొదటి జీతం పడిన రోజు నాన్న ఫోన్ చేసి, "పట్టీ ఇచ్చారా? ఫోటో పెట్టు" అన్నాడు. పేస్లిప్ ఫోటో పంపాను. పావుగంట తర్వాత మళ్ళీ ఫోన్.

"ఇన్‌కమ్ టాక్స్ సరే. ఈ నేషనల్ ఇన్సూరెన్స్ దేనికి?"

"పెన్షన్‌కి నాన్నా, కొంత ఆస్పత్రులకి కూడా."

"ఆస్పత్రికని మూడు వేల నూట ఐదు ముందే కట్టించుకున్నారు గదరా?"