ఇది నెలకా, ఏడాదికా?
అమెరికాలో హైస్కూల్ కౌన్సిలర్‌గా నాకిది నాలుగో ఏడు. ఒక్కో కౌన్సిలర్‌కి 250 మంది పిల్లలుంటే చాలని మా స్కూల్ కౌన్సిలర్ల సంఘం ఏఎస్‌సీఏ వాళ్ళు చెప్తారు, నా లిస్టులో 400 పైనే, సరే అది వేరే ఏడుపు. నిన్న ఒక సీనియర్ అమ్మాయి, అంటే పన్నెండో తరగతి పిల్ల, తన కాలేజీల లిస్టులో బాగా ఇష్టపడిన పేరునే పెన్నుతో కొట్టేసి తెచ్చింది, ఎందుకమ్మా అంటే "ఫీజు చూశా మిస్, ఇంట్లో చెప్పే ధైర్యం కూడా లేదు" అంది. అది బోర్డు మీద రేటు అంతే, చాలామంది అంత కట్టరు, 2011 నుంచి కాలేజీ సైట్లలో నెట్ ప్రైస్ కాలిక్యులేటర్, అంటే సాయం పోగా మన ఇంటికి నిజంగా ఎంత పడుతుందో అంచనా చెప్పేది, పెట్టాలని రూలే ఉంది, కాకపోతే ఎక్కడో అడుగున దాచేస్తారు మహానుభావులు. వెతికి పట్టుకుని ఇద్దరం వాళ్ళమ్మ టాక్స్ పేపర్లోంచి ఒక్కో నంబరూ కొట్టాం. చివర్లో వచ్చిన అంకె మీద వేలు పెట్టి, చాలా చిన్నగా, "ఇది నెలకా, ఏడాదికా?" అంది. ఏడాదికే! స్టేట్ యూనివర్సిటీ కన్నా తక్కువ. అంచనానే అనుకోండి, ఫాఫ్సా, అదే ప్రభుత్వ ఆర్థికసాయం దరఖాస్తు, నింపి అసలు ఆఫర్ లెటర్ వచ్చేదాకా ఖాయం కాదు, అదీ చెప్పాను.

పోయినేడు ఇలాగే వచ్చిన ఒకబ్బాయికి మాత్రం లావుపాటి ఫైలొకటి చేతిలో పెట్టి, కాలేజీల ఖర్చులు పోల్చి చూపే ప్రభుత్వ సైటు కాలేజ్ స్కోర్‌కార్డ్ లింకులు, దరఖాస్తు ఫీజు మాఫీకి వేవర్ ఫారాలు అన్నీ అందులోనే ఉన్నాయి చూసుకో నాన్నా అని పంపేశా. తెరిచే ఉండడు. రాత్రి నుంచీ వాడే గుర్తొస్తున్నాడు.