కీబోర్డు ఫోన్‌ని వదలకుండా ఉండటానికి నేను పడ్డ పాట్లు

2022 జనవరి 4 నాటికి నా బ్లాక్‌బెర్రీ క్లాసిక్‌లో ఒక్క కీ కూడా అరగలేదు. స్క్రీన్ మీద గీత లేదు. ట్రాక్‌ప్యాడ్ మీద వేలు ఆడిస్తే కర్సర్ సరిగ్గా నేను కోరుకున్న అక్షరం పక్కనే ఆగేది. ఆ రోజుతో బ్లాక్‌బెర్రీ తన పాత ఫోన్ల సర్వర్లు ఆపేసింది. 7.1 వరకూ వచ్చిన పాత ఓఎస్‌లు, ఆ తర్వాతి బ్లాక్‌బెర్రీ 10 (నా క్లాసిక్‌లో ఉన్నది ఇదే) మీద నడిచే ఫోన్లలో నెట్, కాల్స్, మెసేజ్‌లు, చివరికి అత్యవసర నంబర్లకు చేసే కాల్స్ కూడా ఇక నమ్మకంగా పనిచేయవని ముందే ప్రకటించింది. చెడిపోయిన ఫోన్‌ని బాగు చేయించుకోవచ్చు. చెడిపోని ఫోన్‌ని ఏం చేసుకోవాలో నాకు అర్థం కాలేదు.

మా చెల్లి మాత్రం వెంటనే తేల్చేసింది. "అన్నయ్యా, ఇక చాలు గానీ, అందరిలా మంచి ఫోన్ కొనుక్కో." తన దృష్టిలో నాది కీప్యాడ్ ఫోన్. కాల్స్ కోసం వాడే చిన్న నంబర్ల ఫోన్‌నీ, కంప్యూటర్‌కి ఉన్నట్టు పూర్తి అక్షరాల (క్వెర్టీ) కీబోర్డు ఉన్న స్మార్ట్‌ఫోన్‌నీ చాలామంది ఒకే గాటన కట్టేస్తారు. నేను చెబుతున్నది రెండో రకం గురించి. నోకియా ఈ71తో మొదలుపెట్టి, బ్లాక్‌బెర్రీ క్యూ10 మీదుగా క్లాసిక్‌కి వచ్చినవాణ్ణి.

పాత వస్తువుల మీద మోజు అనుకుంటారేమో, అదేమీ లేదు. టీవీ, ల్యాప్‌టాప్ పాతబడితే మారుస్తాను, బెంగ కూడా పడను. ఫోన్ విషయంలోనే పేచీ, ఎందుకంటే నా ఫోన్‌లో సగం పని రాతపని. పొడుగు మెయిల్స్, వాటికి జవాబులు, మధ్యలో గుర్తొచ్చిన విషయాలకు నోట్స్. బ్లాక్‌బెర్రీ కీబోర్డులో వరసకీ వరసకీ మధ్య సన్నటి లోహపు పట్టీ ఉంటుంది. కీలు కూడా పూర్తిగా చదునుగా ఉండవు, ఒక పక్కకి కాస్త వాలుగా చెక్కినట్టుంటాయి. ఆ పట్టీ, ఆ వాలు తగిలితే చాలు, వేలు ఎక్కడుందో చూడకుండానే తెలిసిపోతుంది. నేను చూసేది వాక్యాన్ని, కీలను కాదు.

దానికి తోడు షార్ట్‌కట్‌లు. మెయిల్ లిస్టులో టీ నొక్కితే పైకి, బీ నొక్కితే అడుక్కి వెళ్తుంది. సీ అంటే కొత్త మెయిల్, ఆర్ అంటే జవాబు, ఎఫ్ అంటే ఫార్వర్డ్. స్పేస్ రెండుసార్లు కొడితే ఫుల్‌స్టాప్ దానంతటదే పడి, తర్వాతి అక్షరం పెద్దదవుతుంది. ఎవరూ కూర్చుని నేర్పే విషయాలు కావివి. వాడగా వాడగా వేళ్లకు పట్టుబడతాయి. ఒకసారి పట్టుబడ్డాక, అదే పనికి స్క్రీన్ మీద మెనూ తెరిచి బొమ్మ వెతుక్కోమంటే విసుగొస్తుంది.

2007 జనవరిలో మొదటి ఐఫోన్ చూపించినప్పుడు స్టీవ్ జాబ్స్ కీబోర్డు ఫోన్ల మీద చేసిన ఫిర్యాదు ఏమిటంటే, అవసరమున్నా లేకున్నా ఆ కీలు అక్కడే ఉంటాయని. నాకు వాటిలో నచ్చిందే అది. కీబోర్డు పైకొచ్చి సగం స్క్రీన్ మింగేయడం, రాస్తున్నది దాని వెనక్కి పోవడం ఉండదు.

నిజానికి ఆ జనవరి ఉన్నట్టుండి వచ్చిపడిన ఆపద కాదు. క్లాసిక్ చుట్టూ నేల ఎప్పటినుంచో కుంగుతూనే ఉంది. 2017 చివరితోనే వాట్సాప్ బ్లాక్‌బెర్రీ 10ని వదిలేసింది. బ్లాక్‌బెర్రీ 10లో ఆండ్రాయిడ్ యాప్‌లు నడిపే ఏర్పాటు ఉండేది కానీ, అది ఆండ్రాయిడ్ 4.3 దగ్గరే ఆగిపోయింది. ఆండ్రాయిడ్ యాప్‌ల ఏపీకే ఫైళ్లు విడిగా దించుకుని ఎక్కించుకుంటూ నెట్టుకొచ్చాను. వెబ్‌సైట్లకు భద్రతా సర్టిఫికెట్లు ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఉంది. వాటిని నమ్మడానికి ఆధారమైన దాని పాత రూట్ సర్టిఫికెట్ గడువు 2021 సెప్టెంబరు 30న ముగిసింది. పాత పరికరాల్లో చాలావాటికి కొత్త సర్టిఫికెట్‌తో పరిచయం లేదు. అందుకే నిన్నటిదాకా తెరుచుకున్న సైట్లు మర్నాడు భద్రత లేదంటూ మొరాయించాయి. వీటిలో ఏ ఒక్కదానికీ కీబోర్డుతో సంబంధం లేదు. కీబోర్డు ఫోన్లను పడగొట్టింది టచ్‌స్క్రీన్ ఒక్కటే అని అందరూ అంటారు. నా చేతిలో ఉన్నదాన్ని పడగొట్టింది మాత్రం గడువు తీరిన సర్టిఫికెట్లు, ఆగిపోయిన సర్వర్లు, వదిలేసిన యాప్‌లు.

సర్వర్లు ఆగకముందే కొన్ని పనులు చక్కబెట్టుకున్నాను. కాంటాక్టులన్నీ వీకార్డ్ ఫైలుగా బయటికి తీశాను. దొంగతనం జరిగితే ఫోన్‌ని తాళం వేసే బ్లాక్‌బెర్రీ ప్రొటెక్ట్‌ని ఆపేశాను. అది కంపెనీ ఖాతాతో ముడిపడింది కాబట్టి, తాళం మిగిలి తాళంచెవి పోతే కష్టం. నోట్స్‌ని ఒక్కొక్కటిగా నాకు నేనే మెయిల్ చేసుకున్నాను. విసుగు పని, కానీ ఒక మేలు జరిగింది, పనికిరానివి సగం అక్కడే చెరిపేశాను.

ఆ తర్వాత కొన్నాళ్లు చెల్లి మాట విని టచ్ ఫోన్ వాడాను. మొండిగా కాదు, మనస్ఫూర్తిగానే. మ్యాపులు, వీడియోలు, ఫొటోలు దాంట్లోనే బాగుంటాయి, దీని మీద వాదనే లేదు. తెలుగు రాయడం కూడా దాంట్లోనే సుఖం. నా కీల మీద ఉన్నవి ఇంగ్లిష్ అక్షరాలే. ఒత్తులూ గుణింతాలూ పడాలంటే స్క్రీన్ మీది కీబోర్డే దిక్కు. కీబోర్డు ఫోన్ అభిమానులు ఈ మాట ఒప్పుకోరు గానీ, తెలుగులో ఎక్కువ రాసేవాళ్లకు వీటిని నేను సిఫార్సు చేయను.

నాకు కుదరంది ఇంగ్లిష్ రాత, ఇంగ్లిష్ అక్షరాల్లో రాసే తెలుగు. ఇంట్లోవాళ్లకు "వస్తున్నా, అన్నం పెట్టు" అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొడితే ఆటోకరెక్ట్ దాన్ని ఏవో ఇంగ్లిష్ మాటలుగా మార్చి పంపేది. అది ఆపేస్తే తప్పులన్నీ నావే. గాజు మీద అక్షరానికీ అక్షరానికీ మధ్య గట్టు ఉండదు కదా, వేలు కొంచెం పక్కకి జరిగినా తెలియదు. రోజంతా రాశాక చూపు అలసిపోయేది. వేలు ఎక్కడ పడుతోందో కన్ను కాపలా కాయాల్సి రావడమే కారణమని నాకు నెమ్మదిగా అర్థమైంది.

దాంతో మళ్లీ కీబోర్డుల వేటలో పడ్డాను. 2015 నాటి బ్లాక్‌బెర్రీ ప్రివ్‌లో కీబోర్డు కింద నుంచి జారి బయటికొస్తుంది, చూడముచ్చటగా ఉంటుంది, కానీ ఆండ్రాయిడ్ 6 దగ్గరే ఆగింది. ఎఫ్‌ఎక్స్‌టెక్ ప్రో1ని అడ్డంగా తిప్పి రెండు చేతులతో పట్టుకోవాలి, నడుస్తూ రాయలేను. యూనిహెర్ట్జ్ మొదటి టైటన్ జేబులో ఇమడని బరువు. మిగిలినవి బ్లాక్‌బెర్రీ పేరుతో టీసీఎల్ తయారుచేసిన కీవన్, కీ2. ఆ పేరు వాడుకునే లైసెన్సు ఒప్పందం కూడా 2020 ఆగస్టు 31తో ముగిసిపోయింది. ఇవి ఆండ్రాయిడ్ ఫోన్లు కాబట్టి జనవరి 4 నాటి దెబ్బ వీటికి తగల్లేదు. 2018లో వచ్చిన కీ2 తీసుకోవాలనుకున్నాను. 6 జీబీ ర్యామ్, 4.5 అంగుళాల స్క్రీన్, కీవన్ కంటే పెద్ద కీలు.

సెకండ్ హ్యాండే దొరుకుతుంది, అసలు చిక్కంతా అక్కడే. కీ2 ఎల్‌ఈ అనే చవక రకం ఒకటుంది. పైకి ఒకేలా కనిపిస్తుంది గానీ, దాని కీబోర్డుకి స్పర్శ తెలియదు, కీల మీద వేలు జార్చి పేజీ కదపలేం. మోడల్ నంబరు కూడా చూసుకోవాలి. బీబీఎఫ్100 తర్వాత వచ్చే అంకెను బట్టి ఏ 4జీ బ్యాండ్లు పడతాయో మారుతుంది. ఇంకా ముఖ్యమైంది వోల్టీఈ, అంటే 4జీ మీదే కాల్ మాట్లాడే ఏర్పాటు. 3జీ మూసేసిన నెట్‌వర్క్‌లో వోల్టీఈ కుదరకపోతే, నెట్ బ్రహ్మాండంగా వస్తుంది కానీ కాల్ వెళ్లదు, లేదా 2జీ మీద పడుతుంది. ఫోన్‌కి ఆ సత్తా ఉంటే చాలదు, నెట్‌వర్క్ వాళ్లు కూడా ఆ మోడల్‌ని అనుమతించాలి. కొనేముందు మీ సిమ్ వేసి, ఒక కాల్ చేసి, మాట్లాడుతున్నంతసేపూ పైన 4జీ గుర్తు ఉందో లేదో చూసుకోండి.

కీలను పరీక్షించడానికి నా పద్ధతి మొరటుది. నోట్స్ తెరిచి క్యూ నుంచి ఎం దాకా ఒక్కో అక్షరాన్ని వరసగా నొక్కుతాను, తర్వాత ఒక్కోదాన్నీ నొక్కి పట్టుకుంటాను. ఒక నొక్కుకి రెండు అక్షరాలు పడినా, గట్టిగా నొక్కితే గానీ పడకపోయినా అక్కడే వదిలేయాలి, ఎందుకంటే విడి కీ మార్చే పని కాదు, కీబోర్డు మొత్తం మార్చాలి. స్పేస్ బార్‌లోనే వేలిముద్ర సెన్సర్ ఉంటుంది కాబట్టి దాన్ని వేరుగా చూడాలి. పాత యజమాని గూగుల్ ఖాతా తీసేశాడో లేదో నా కళ్లముందే రీసెట్ చేయించి చూశాను.

"కొత్త బ్యాటరీ వేశాం" అన్నాడు అమ్మినాయన. అబద్ధమనను. కొత్తదే, కానీ కొత్తగా తయారైంది కాదు. లిథియం అయాన్ బ్యాటరీ వాడకపోయినా ముసలిదవుతుంది. పూర్తి ఛార్జింగ్‌తోనో, పూర్తిగా ఖాళీగానో ఏళ్లు పడుంటే ఇంకా త్వరగా. నాకొచ్చింది సాయంత్రానికే చేతులెత్తేసేది, 20 శాతం చూపిస్తూనే ఆగిపోయేది. తర్వాత వెనక మూత కాస్త పైకి లేచినట్టు అనిపించింది. అప్పుడిక ఆలోచించలేదు. ఉబ్బిన బ్యాటరీని ఇంట్లో పొడవడం, వంచడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. రిపేర్ చేసే అబ్బాయి ముందు "సార్, దీనికి పెట్టే ఖర్చుతో..." అని మొదలుపెట్టాడు. పూర్తి చేయనివ్వలేదు. జిగురుని వేడి చేసి మూత తీసి, తయారీ తేదీ ఇద్దరం చూసుకున్న బ్యాటరీని వేశాడు. క్యూ10లో అయితే గోటితో మూత తీసి మనమే మార్చుకునేవాళ్లం. ఆ సుఖాన్ని కీబోర్డు ఫోన్లు కూడా ఎప్పుడో వదిలేశాయి.

అక్కడినుంచి హాయి. కీ2 కీబోర్డులో స్పీడ్ కీ అని ఒకటుంది. దాన్ని పట్టుకుని ఏ అక్షరం నొక్కినా, మనం ఏ యాప్‌లో ఉన్నా, ఆ అక్షరానికి కేటాయించిన పని తెరుచుకుంటుంది. ఎం అంటే మెయిల్, ఎన్ అంటే నోట్స్, సి అంటే చెల్లికి కాల్. రాస్తున్నప్పుడు కీల మీద ఎడమకి వేలు జారిస్తే వెనకటి మాట చెరిగిపోతుంది. కింది నుంచి పైకి విదిలిస్తే సూచించిన మాట వాక్యంలోకి ఎక్కుతుంది. గాజు ఫోన్‌లో ఆటోకరెక్ట్ నా మీద పెత్తనం చేసింది. ఇక్కడ కావాలంటేనే పిలుస్తాను.

ఇబ్బందులు లేవని కాదు. కీ2 ఆండ్రాయిడ్ 8.1తో వచ్చింది, 9 ఇవ్వకుండానే ఆపేశారు. ఫోన్‌ని మొదలుపెట్టే బూట్‌లోడర్‌కి తాళం వేసి ఉంది కాబట్టి లీనియేజ్ ఓఎస్ లాంటి వేరే ఆండ్రాయిడ్ రకాలు ఎక్కించుకునే దారి లేదు. భద్రత కోసమే ఆ తాళం, కాదనను, కానీ అప్‌డేట్లు ఆగిపోయాక ఆ తాళమే ఫోన్‌ని పాతదనంలో బంధించింది. క్రోమ్ 139 నుంచి ఆండ్రాయిడ్ 10 తప్పనిసరి కాబట్టి బ్రౌజర్ కూడా పాత వెర్షన్ దగ్గరే నిలిచిపోయింది. పొడుగు స్క్రీన్ల కోసం చేసిన యాప్‌లలో అడుగున ఉండాల్సిన బటన్ ఒక్కోసారి కనిపించనే కనిపించదు. బ్యాంకు యాప్ ఒకటి ఈ పరికరంలో నడవనని చెప్పేసింది. అప్పుడు చిర్రెత్తింది గానీ, భద్రతా అప్‌డేట్లు ఎప్పుడో ఆగిపోయిన ఫోన్‌లో డబ్బు లావాదేవీలు వద్దనడంలో తప్పేముంది?

అందుకే పనులు పంచేశాను. ఆ టచ్ ఫోన్‌ని పారేయలేదు. బ్యాంకు, టికెట్లు, మ్యాపులు, ఇంట్లోవాళ్లతో తెలుగు చాటింగ్ అందులో. కాల్స్, మెయిల్, రాత కీ2లో. కీ2లో అవసరానికి మించి యాప్ ఒక్కటీ లేదు, తెలియని లింకు తెరవను, డబ్బుకి సంబంధించిన ఖాతాలు దాంట్లో పెట్టను. రెండు ఫోన్లు మోయడం చాదస్తమే అంటుంది చెల్లి. రెండు ఛార్జర్ల బెడద ఉన్న మాట నిజం.

కీ2 తర్వాత ఏమిటన్నది కూడా చూసుకుంటున్నాను. ఐఫోన్ కింద తగిలించే క్లిక్స్ కీబోర్డు కేసు చూశాను, ఫోన్ పొడుగు అమాంతం పెరిగిపోయి బరువంతా పైకి తూగుతుంది, నాకు పడదు. 2025లో యూనిహెర్ట్జ్ జనం దగ్గర ముందే డబ్బు సేకరించే కిక్‌స్టార్టర్ సైట్‌లో పెట్టిన టైటన్ 2లో ఆండ్రాయిడ్ 15 ఉంది, చదరపు స్క్రీన్ ఉంది, బ్లాక్‌బెర్రీ పాస్‌పోర్ట్ పోలికలు బాగానే కనిపిస్తాయి. వెడల్పు మాత్రం ఒక చేతికి ఎక్కువే. దాని మీద కొన్ని పేరాలు కొట్టి చూశాకే తేలుస్తాను. ఈలోగా రిపేర్ అబ్బాయికి ఇంకో బ్యాటరీ తెప్పించమని చెప్పాను, తయారీ తేదీ ఫొటో పంపితేనే తీసుకుంటానని.