పులికి పెరుగన్నం

"ఏమ్మా, పులిని తెచ్చి పెరుగన్నం పెడతాండావే!" అన్నాడు అన్న. అదే, మా చిన్నాడబిడ్డ వాళ్లాయన. అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా ఈయన నవ్వాడు. మధ్యాహ్నం అన్న మాట. రాత్రి పదకొండున్నర దాటింది, ఇంకా చెవుల్లోంచి పోలేదు.

ఆదివారం కదా, దొరసానికి తిండి పెట్టే రోజు. దొరసాని అంటే మా ట్యాంకులో ఉండే లయన్‌ఫిష్, వేటాడి తినే సముద్రపు చేప. ఆ సంగతి ఆడబిడ్డ పిల్లలకు బాగా తెలుసు, సరిగ్గా ఆ టైముకే దిగారు. చేతిలో పాలిథీన్ కవరు, అందులో ఐదారు గోల్డ్‌ఫిష్‌లు. "వీటిని వెయ్యత్తా, ఎట్ల పట్టుకుంటాదో చూస్తాం." పెద్దోడు ఫోన్లో వీడియో ఆన్ చేసుకుని నిలబడ్డాడు. నేను వద్దంటుండగానే చిన్నోడు స్టూలెక్కి ట్యాంకు మూత పక్కకు జరిపాడు. గట్టిగా అరిచాను. వాడి మొహం వాడిపోయింది, దాంతోపాటు వాళ్లమ్మ మొహం కూడా.

అరవక ఏం చేసేది? లయన్‌ఫిష్ వీపు మీద 13 ముళ్లుంటాయి, పొట్ట కింద 2, తోకకు ముందు 3. అన్నిట్లోనూ విషమే. అది మన మీదికొచ్చి కుట్టదు, నిజమే. కానీ మూత కదిలితే చాలు, తిండి అనుకుని పైకొచ్చేస్తుంది. ముల్లు దిగిందంటే ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో చెయ్యి పెట్టుకుని, ఆ తర్వాత ఆసుపత్రికి పరుగెత్తాలి. ఆ విషం వేడికి విరుగుతుంది, అదొక్కటే మన అదృష్టం. ఇదంతా చెప్తుంటే అన్న "పిల్లోళ్లకు టెన్షన్ పెట్టొద్దమ్మా" అన్నాడు. టెన్షన్ ఎవరికి, వాళ్లకా నాకా?

కవరు పక్కన పెట్టించి, నా పద్ధతిలో నేను పెట్టాను. ఫ్రీజర్లోంచి తీసి కరిగించిన రొయ్య ముక్కలు, పొడుగు పట్టుకారు. పిల్లలు పెదవి విరిచారు. "చచ్చిన రొయ్యేనా?" అప్పుడొచ్చింది ఆ పెరుగన్నం మాట. ఊరికే పోక దాని వెనకాలే ఇంకోటి: "దాని రోషం చంపేసినావు గదమ్మా."

ట్యాంకులో ఆర్వో నీళ్లు పోస్తుంటే కూడా వదల్లేదు. "సముద్రంలో మంచినీళ్లు పోస్తాండావా?" అట. మే నెల కర్నూలు ఎండకు రోజూ నీళ్లు ఆవిరవుతాయి. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు అక్కడే ఉంటుంది. మళ్లీ ఉప్పునీళ్లే పోస్తే 1.025 దగ్గర ఉండాల్సిన ఉప్పు రీడింగు ఎక్కడికో పోతుంది. ఇది చెప్పడానికి నోరు తెరిస్తే ఆయన అప్పటికే ఈయనతో క్రికెట్‌లోకి వెళ్లిపోయాడు. వాళ్ల అలవాటే అంత. ప్రశ్న అడుగుతారు, జవాబుకు ఆగరు.

గోల్డ్‌ఫిష్ ఎందుకు వద్దో కూడా అక్కడ చెప్పనివ్వలేదు కాబట్టి ఇక్కడ చెప్తా. దాని ఒంట్లో థయమినేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది బి1 విటమిన్‌ను విరగ్గొడుతుంది. అవే మేపుతూ పోతే వేటచేపకు కడుపు నిండుతుంది గానీ నరాలు దెబ్బతింటాయి. ఈత తప్పుతుంది, తిండి మానేస్తుంది, చివరకు పోతుంది. ఫ్రీజర్లో పెట్టినా ఆ ఎంజైమ్ చావదు. రొయ్యల్లోనూ కొన్ని రకాల్లో ఉంటుంది, అందుకే ఉత్త రొయ్యలతో సరిపెట్టకుండా స్క్విడ్డు, సముద్రపు చేప ముక్కలు మార్చి మార్చి ఇస్తాను, విటమిన్ చుక్కలు కలుపుతాను. పైగా మంచినీటి చేపను ఉప్పునీళ్లలో వేస్తే ఎంతసేపో బతకదు. దొరసానికి అందకుండా ఒక్కటి రాయి వెనకాల ఇరుక్కుని కుళ్లిందంటే అమ్మోనియా పెరుగుతుంది, నా నిద్ర పోతుంది. "చేపకు బి కాంప్లెక్సా!" అని ఆ విటమిన్ చుక్కలకూ నవ్వారు.

నవ్వేవాళ్లకు తెలియంది ఏమిటంటే, మా ఇంట్లో దానికి ముద్ద పెట్టాలంటే ముందు వారం చూసుకోవాలి. సోమ, గురు, శనివారాలు అత్తమ్మ ఇంట్లో నీచు ముట్టనివ్వదు. లయన్‌ఫిష్‌కు వారానికి రెండు మూడు సార్లు పెడితే చాలు కాబట్టి గొడవ లేదు. దాని పొట్ట 30 రెట్ల దాకా సాగుతుందట. పెట్టేకొద్దీ తింటుంది, తిని తిని లివర్‌కు కొవ్వు పట్టించుకుంటుంది. కాబట్టి అత్తమ్మ వారాలు దాని ఒంటికి మంచివే. కార్తీకంలో మాత్రం నెలంతా నీచు వద్దు కాబట్టి ఫ్రీజర్ దగ్గర గొడవే. అయినా పోయిన కార్తీకంలో ఆమే రొయ్యల డబ్బాకు మూడు కవర్లు చుట్టి, పైన "చేపది" అని రాసి, ఐసు ట్రేల కింద దాచింది. చూసిన వాళ్లు మనం తింటున్నామనుకుంటారని. ఈ ఇంట్లో దొరసానికి ఎవరైనా దిక్కున్నారంటే ఆమే.

రోషం అన్నాడు చూడండి, ఆ మాటకు మా జేజి, అదే మా నాయనమ్మ, సాకిన కొరమీను గుర్తొచ్చింది.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి ఊళ్లోకొచ్చిన సంగతి కర్నూలోళ్లకు చెప్పక్కర్లేదు. పాతబస్తీలో మా అమ్మావాళ్ల ఇల్లు. మిద్దె మీదే కూర్చున్నాం. నీళ్లు తీసినాక కిందికి దిగితే మోకాటి లోతు బురద. బీరువా బోర్లా పడి ఉంది. డబ్బాలో బియ్యం ఉబ్బి మూత ఎగిరిపోయింది. పెరట్లో సిమెంటు తొట్టి ఉండేది. అందులో నీళ్లు తోడబోయిన అమ్మ కెవ్వుమంది. లోపల మూరెడు కొరమీను.

నాయన పులుసన్నాడు. పాపం, అన్ని రోజులూ పొట్లాల్లో వచ్చిన పులిహోర తిని ఉన్నాం. జేజి ఒప్పుకోలేదు. "ఊరు ఊరంతా పోగొట్టుకునింది. మనకొచ్చింది ఇదొక్కటే. దీన్ని గూడా తినేస్తారా?" జేజి మాటకు ఎదురులేదు. అది అప్పుడప్పుడు పైకొచ్చి గుటుక్కున గాలి మింగి లోపలికి పోయేది. కొరమీను గాలి పీల్చి బతకగల చేప, అంత బురదలో నిలిచింది అందుకే.

చిక్కు తిండి దగ్గరొచ్చింది. అన్నం మెతుకుల వంక చూడను కూడా చూడలేదు. కోడి పేగులు వేస్తే అడుక్కుపోయి కంపు కొట్టాయి. మేం కప్పపిల్లల్ని పట్టుకొచ్చి వేశాం. అబ్బ, ఆ సరదా! కాసేపు ఏమీ కదలదు. ఉన్నట్టుండి టప్‌మని చప్పుడు, కప్ప లేదు. బళ్లు బురదలో ఉన్నాయి, పిల్లలకు పని లేదు, వీధి వీధంతా మా పెరట్లోనే. కప్ప తెచ్చినోళ్లకే తొట్టి దగ్గర చోటు అని రూలు పెట్టింది నేనే.

జేజికి అది నచ్చలేదు. చంపకూడదని కాదు, ఎన్ని కోళ్లు కోసిన చెయ్యి అది! "తమాషాకు కాదే అది తినేది" అంది, అంతే. వేపపుల్ల కొసకు కోడి కార్జం ముక్క గుచ్చి నీళ్లలో అటూ ఇటూ ఆడించడం మొదలుపెట్టింది. రోజూ అదే పొద్దు, అదే మూల. మొదట్లో ముట్టలేదు. జేజి విసుక్కోలేదు. ఒకరోజు పుల్లతో సహా గుంజుకునింది. దీన్నే ఇప్పుడు ఫీడింగ్ స్టిక్ అని డబ్బులు తీసుకుని అమ్ముతున్నారు. చివరకు ఒక వానరాత్రి ఎగిరి తొట్టి దాటేసింది. తడినేల మీద పాక్కుంటూ పోవడం వాటికి చేతనవును. జేజి అది కాలవకు చేరిందనేది. నాయన పిల్లి పాలైందంటాడు. మా ఇంట్లో ఇప్పటికీ తెగని పంచాయితీ.

ఇక్కడిదాకా రాశాక అన్న మీద కోపం సగం దిగిపోయింది. ముళ్ల కోసం అరిచాను, చిన్నోడు మళ్లీ స్టూలెక్కితే మళ్లీ అరుస్తా. అది వేరే. కానీ వేట చూడాలనుకోవడంలో తప్పేముంది? చెన్నై కొళత్తూరులో అన్ని షాపులు తిరిగి, అన్ని రంగురంగుల చేపలుండగా, నేను దీని ముందే ఎందుకు నిలబడిపోయాను? క్లౌన్‌ఫిష్ ముద్దుగా లేదా? ఫ్లేకులు వేస్తే తింటుంది, ఇంత ఖర్చూ లేదు.

రోషం పోయిందంటే మాత్రం ఒప్పుకోను. పట్టుకారు నీళ్లలోకి దిగగానే పక్క రెక్కలు రెండూ పూర్తిగా విప్పుతుంది. తల కొంచెం కిందికి వంచుతుంది. ఎర్ర చారల మధ్య కన్నొక్కటే కదులుతుంది. ముక్క ఎక్కడికో పారిపోతుందన్నట్టు రెక్కలు అడ్డం పెట్టి మూలకు నెడుతుంది. ఒక్కోసారి నోటితో దాని మీదికి నీళ్లు ఊదుతుంది. సముద్రంలో అయితే ఆ ధార తగిలిన చిన్నచేప అటు తిరుగుతుంది, తల ముందుగా నోట్లోకి పోతుంది. చచ్చిన రొయ్య ఎటు తిరుగుతుంది? అయినా ఊదుతుంది. ఆ తర్వాత మన కంటికి ఏమీ దొరకదు, పట్టుకారు ఖాళీ. అసలు అమెరికాలో ఫ్లోరిడా దగ్గర ఈ జాతిని మొదట చూసింది 1985లో. అక్కడి సముద్రానికి ఇది పరాయి చేప, ఇళ్లల్లో పెంచినవి వదిలేస్తేనే పాకిందని అంటారు. ఇప్పుడు అక్కడి చిన్నచేపల్ని ఊడ్చేస్తోంది. పట్టుకారుతో తిన్న చేపలకు రోషం చస్తే ఇంత గోల ఉండేదా?

ఈ మాట మధ్యాహ్నం తోచి ఉంటే బాగుండు. అన్న మొహం చూసేదాన్ని.

అసలు నల్ల మాలీలని చిన్న మంచినీటి చేపలున్నాయి కదా. కొంచెం కొంచెంగా ఉప్పు పెంచుకుంటూ పోతే సముద్రపు నీళ్లలోనూ బతుకుతాయి, పిల్లలు పెడతాయి. ఇంట్లోనే మంచి మేత పెట్టి పెంచి, ఎప్పుడైనా నాలుగు వదిలితే దొరసానికీ కొంచెం కదలిక ఉంటుంది. జేజి ఉంటే ఏమనేదో తెలుసు. కానీ ఇది తమాషా కాదు జేజీ, వ్యాయామం. సరే, కొంచెం తమాషానే.

పాత నీళ్ల డ్రమ్ము ఖాళీగానే ఉంది. ఈ ఎండకు హీటరు అక్కర్లేదు, చిన్న ఎయిర్ పంపు చాలు. ఈయనకు ఇంకా చెప్పలేదు. ట్యాంకు నీళ్లు చల్లబరిచే చిల్లర్ నెలంతా ఆడింది కదా, ఆ కరెంటు బిల్లు వచ్చి ఆ కోపం చల్లారాక చెప్తా. కాదు, బిల్లు రాకముందే చెప్పాలి.