ఆండీ కాఫ్‌మన్ సినిమా వేసిన సాయంత్రం

నెలకో సినిమా చూసి, ఆ తర్వాత తీరిగ్గా పోట్లాడుకునే చిన్న బృందం మాది. ఎక్కువమందిమి అమీర్‌పేట, సనత్‌నగర్ వైపు వాళ్లం. ఈసారి ఎంపిక నా వంతు. హాస్యనటుడి జీవితచిత్రం వేద్దామన్నాను. రేలంగి, రాజబాబు అంటూ పేర్లయితే చాలా వచ్చాయి, వేయడానికి సినిమా ఉండాలి కదా! సావిత్రికి ‘మహానటి’ దక్కినట్లు మన హాస్యనటులెవరికీ ఇంకా దక్కలేదు. చివరికి ఆండీ కాఫ్‌మన్ అనే అమెరికా హాస్యనటుడి మీద మిలోష్ ఫోర్మన్ 1999లో తీసిన ‘మ్యాన్ ఆన్ ద మూన్’ చెప్పాను. కథానాయకుడు జిమ్ క్యారీ అనగానే ‘మాస్క్’ గుర్తొచ్చి అందరూ తలలూపారు. వాళ్ల భ్రమ నేను పోగొట్టలేదు.

మొదట తేల్చుకోవలసింది హక్కుల సంగతి. ఇంట్లో చూసుకోవడానికి కొన్న డిస్కును హాల్లో జనానికి వేయకూడదు. టిక్కెట్టు పెట్టకపోయినా అది బహిరంగ ప్రదర్శనే. ఆ హెచ్చరిక డిస్కు మీదే ఉంటుంది, మనం చదవం. అనుమతి కోసం మెయిల్ పెడితే ఎన్ని సీట్లు, ఏ తేదీ, టిక్కెట్టు ఉందా లేదా అని అడిగారు. జవాబులు పంపి, రుసుము కట్టి, ఎదురుచూసి అనుమతి తెచ్చుకున్నాం. ప్రివ్యూ థియేటర్ అద్దె బేరం మా కోశాధికారి చూసుకున్నాడు. బేరమాడటం ఆయనకు సరదా.

అసలు పని పరిచయపత్రం దగ్గర పడింది. ఆండీ కాఫ్‌మన్ ఎవరో మనవాళ్లకు తెలియదు. మొదటి చిత్తులో అన్నీ గుమ్మరించాను. 1975 అక్టోబరులో ‘సాటర్డే నైట్ లైవ్’ అనే టీవీ హాస్య కార్యక్రమం తొలి ఎపిసోడ్‌లోనే గ్రామఫోను పెట్టుకుని ఉలుకూపలుకూ లేకుండా నిలబడి, ‘మైటీ మౌస్’ కార్టూన్ పాటలో ఒక్క వరస వచ్చినప్పుడు మాత్రం చెయ్యెత్తి పెదవులు కదిపిన వైనం, ‘ట్యాక్సీ’ టీవీ ధారావాహికలో లాట్కా అనే పాత్రతో ఇంటింటికీ తెలిసినవాడైన సంగతి, టోనీ క్లిఫ్టన్ అనే నోటిదురుసు గాయకుడి వేషం, ఆడవాళ్లతో కుస్తీలు. చదువుకుని సగం కొట్టేశాను. ముఖ్యంగా 1982లో కుస్తీవీరుడు జెర్రీ లాలర్‌తో జరిగిన రభస. అది ఇద్దరూ కూడబలుక్కుని ఆడిన నాటకమని ముందే చెప్పేస్తే ఇక ఆ దృశ్యం చూడటం ఎందుకు? అమెరికా జనం ఏళ్ల తరబడి నిజమని నమ్మారు. మనవాళ్లూ కాసేపు నమ్మాలి.

మా కార్యదర్శికి ఇంకో అభ్యంతరం ఉంది. న్యూయార్క్‌లోని కార్నెగీ హాల్లో ఆండీ ఇచ్చిన ప్రదర్శన నిజానికి జరిగింది 1979లో. సినిమాలో మాత్రం ఆండీకి క్యాన్సర్ అని తెలిశాక జరిగినట్లు వస్తుంది. “జీవితచరిత్ర అని చెప్పి తేదీలు మారిస్తే ఎలాగండీ?” అన్నారామె. సినిమా మొదట్లోనే ఆండీ వచ్చి, నా జీవితంలోని ముఖ్యమైన విషయాలన్నీ కలిపి కలగాపులగం చేశారని చెప్పేస్తాడని నచ్చజెప్పాను. పుట్టుక నుంచి చావు దాకా హాజరుపట్టీ చదివే జీవితచిత్రాలంటే నాకు పరమ విసుగు. ఫోర్మన్ ఆ మనిషి లోపల ఏముందో విప్పి చెప్పే సాహసం చేయలేదు. అది లోపమని కొందరంటారు. అదే ఈ సినిమాకు ప్రాణమని నేనంటాను.

ప్రదర్శన రోజు ముందుగా ఆపరేటర్‌ను కలిశాను. “సినిమా మొదలవగానే ఆండీ వచ్చి అయిపోయిందంటాడు. పేర్లన్నీ పడిపోతాయి, తెర నల్లబడుతుంది. లైట్లు వేయకండి” అని చెప్పాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, “రీళ్లు తారుమారయ్యాయా సార్?” అన్నాడు. ప్రేక్షకులకు మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు.

నలుపు తెలుపు తెర మీద ఆండీ బెరుకుబెరుకుగా వచ్చాడు. సినిమా చెత్తగా ఉందని, చెత్తంతా తీసేశానని, అందుకే ఇంత చిన్నదైందని చెప్పి గ్రామఫోను మీద ముల్లు పెట్టాడు. పేర్లు పైకి పాకాయి. పాట ఆగితే మళ్లీ ముల్లు వెనక్కి పెట్టాడు. ఆఖరికి పెట్టె మూసేశాడు. చీకటి. వెనక వరసలో ఒకావిడ హ్యాండ్‌బ్యాగ్ భుజాన వేసుకుని లేచేసింది, పక్కాయన చెప్పుల కోసం కాళ్లతో వెతుకుతున్నాడు. అప్పుడు తెర అంచు నుంచి ఆండీ తొంగిచూశాడు. ఆ నవ్వులకే నా అద్దె డబ్బులు గిట్టాయి.

ఆ తర్వాత అంత సాఫీగా సాగలేదు. కాలేజీ కుర్రాళ్లు లాట్కా కావాలని అరుస్తుంటే ఆండీ ‘ద గ్రేట్ గ్యాట్స్‌బీ’ తెరిచి చదవడం మొదలుపెట్టే చోట, “మొత్తం చదివేస్తాడా ఏమిటి?” అని ఎవరో గట్టిగానే అన్నారు. లాలర్ కనిపించగానే మాత్రం ముప్పై దాటిన కుర్రాళ్లు కుర్చీల్లో నిటారుగా కూర్చున్నారు. తొంభైల్లో కేబుల్ టీవీ కుస్తీలు చూసి, ట్రంప్ కార్డులతో ఆడిన బాపతు. “అరే, కామెంటరీ చెప్పేవాడు కదా!” లాలర్‌గా వేసింది లాలరేనని అలా హాలంతటికీ తెలిసిపోయింది. డానీ డివిటో సంగతి నేనే చెప్పాల్సివచ్చింది. ‘ట్యాక్సీ’లో ఆండీతో నటించిన ఆయన ఇందులో ఆండీ మేనేజర్ వేషం కట్టాడు. అందుకే ‘ట్యాక్సీ’ దృశ్యాల్లో పాతవాళ్లు చాలామంది ఉన్నా ఆయన ఉండడు.

కార్నెగీ హాల్లో ఆండీ ప్రేక్షకులను బస్సులెక్కించి తీసుకెళ్లి పాలూ కుకీలూ పెట్టించాడు. మా స్తోమతకు ఉస్మానియా బిస్కెట్లు, ఫ్లాస్కుల్లో ఇరానీ చాయ్. కోశాధికారి సణిగాడు కానీ, బిస్కెట్లు ఎక్కువ తిన్నదీ ఆయనే.

చర్చలో మొదటి ప్రశ్న ఊహించిందే. “నవ్వించనివాడు హాస్యనటుడెలా అవుతాడు?” కార్యదర్శే జవాబిచ్చారు, “మీరు మొదట్లో లేచి చెప్పులు వెతికారు కదా, అప్పుడు మేమంతా నవ్వాం.” ఆయన కూడా నవ్వేశారు.

ఆఖర్న, ఆండీ పోయిన ఏడాదికి టోనీ క్లిఫ్టన్ మళ్లీ వేదికెక్కే దృశ్యం మీద పడ్డారు. రిటైరైన మా తెలుగు మాస్టారు లేచి, “ఇంతకీ ఆ అబ్బాయి నిజంగా పోయాడా?” అన్నారు.

“పోయాడు మాస్టారూ. 1984 మే 16న, లాస్ ఏంజిలిస్‌లో. ఊపిరితిత్తుల క్యాన్సర్. ముప్పై అయిదేళ్లు.”

“మీరు చూశారా?”

హాలు ఖాళీ చేయాల్సిన వేళైందని చెప్పి మైకు ఆపేశాను.