గింజల కోసమే మారారా అని అడిగితే

మొదటి పేతురు 3:15 మన సంఘాల్లో అందరికీ కంఠతా వచ్చిన వాక్యమే. "మీలో ఉన్న నిరీక్షణనుగూర్చి మిమ్మును హేతువు అడుగు ప్రతివానికిని" సమాధానం చెప్పడానికి ఎప్పుడూ సిద్ధంగా ఉండమంటాడు పేతురు. యూత్ మీటింగుల్లో ఈ వాక్యం తీస్తే చాలు, మాట యూట్యూబ్ డిబేట్ల మీదికి పోతుంది, ఎవరు ఎవరి నోరు మూయించారు అని. పేతురు రాసింది డిబేట్లు చేసేవాళ్లకు కాదు. పొంతు, గలతీయ, కప్పదొకియ ప్రాంతాల్లో చెదిరిపోయి నిందలు పడుతున్న మామూలు మనుషులకు, వాళ్లలో దాసులున్నారు, వాక్యానికి లోబడని భర్తలతో కాపురం చేస్తున్న ఆడవాళ్లున్నారు. వాళ్లను అడిగేది యజమాని, మొగుడు, పక్కింటివాళ్లు.

మన ఒంగోలు వైపు పక్కింటివాళ్లు త్రిత్వం గురించి అడగరు. "ఏందబ్బాయా, కరువులో గింజల కోసం మారినోళ్లే గదా మీ పెద్దోళ్లు?" అంటారు, టీ కొట్టు దగ్గర నవ్వుతూనే. మన పిల్లలకు కోపం వస్తుంది గానీ జవాబు రాదు. ఇంట్లో ఎవరూ చెప్పలేదు మరి.

జరిగింది చెప్పుకుందాం. 1876-78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలవలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకుని జనానికి పని చూపించాడు. అన్నానికే వస్తున్నారేమో అన్న అనుమానం మనకంటే ముందు ఆయనకే వచ్చింది. అందుకని ఏడాదికి పైగా ఎవరికీ బాప్తిస్మం ఇవ్వకుండా ఆపేశాడు. ఆ తర్వాత ఇక ఇవ్వడానికి సాయం లేదు, ఊళ్లకు వెళ్లిపొమ్మంటే, మాకు సాయం వద్దు, కష్టపడ్డామని చెప్పడానికి చేతుల మీద బొబ్బలున్నాయి, చచ్చినా క్రైస్తవులుగానే చస్తాం, బాప్తిస్మం ఇవ్వండి అన్నారని ఆయనే రాసుకున్నాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మన వైపు తొలి విశ్వాసుల్లో ఒకడు, తోళ్ల వ్యాపారం చేసే యర్రగుంట్ల పేరయ్య అయితే ఆ కరువుకు పదేళ్ల ముందే, 1866లోనే, నమ్ముకున్నాడు.

అట్లాగని కరువుకూ మన పెద్దవాళ్లు మారడానికీ సంబంధమే లేదని వాదించొద్దు, అది అబద్ధమవుతుంది. ఆకలి రోజుల్లో తమ పక్కన నిలబడింది ఎవరో మన పెద్దవాళ్లు చూశారు. అందులో సిగ్గుపడాల్సింది ఏముంది? "రొట్టెలు భుజించి తృప్తిపొందుటవలననే నన్ను వెదకుచున్నారు" అని యోహాను 6లో జనం మొహం మీదే అన్నవాడు యేసు. అయిదువేల మందికి పెట్టింది కూడా ఆయనే.

ఇంకొకటి, మన విశ్వాసం తాతల కథ మీద నిలబడలేదు. క్రీస్తు మృతుల్లోనుంచి లేపబడకపోతే మీ విశ్వాసం వ్యర్థమే అని పౌలే తెగేసి చెప్పాడు. యేసు సిలువ మరణానికి పాతికేళ్లు దాటకముందే కొరింథువాళ్లకు ఉత్తరం రాస్తూ, తిరిగి లేచిన ఆయన్ను చూసినవాళ్ల పేర్లు కొన్ని చెప్పి, అయిదువందల మందికి పైగా ఒకేసారి చూశారు, వాళ్లలో చాలామంది ఇంకా బతికే ఉన్నారు అన్నాడు. అంటే వెళ్లి వాళ్లనే అడిగి తెలుసుకోండి అనేగా! ఒకటో కొరింథీ 15 మన యూత్‌తో నెల రోజులు చదివించినా తక్కువే.

జవాబు "సాత్వికముతోను భయముతోను" చెప్పమన్న పేతురే ఒకప్పుడు గెత్సేమనేలో కత్తి దూసి మల్కు చెవి నరికాడు. ఫేస్‌బుక్ కామెంట్లలో అవతలివాళ్ల దేవుళ్లను ఎగతాళి చేసే మన తమ్ముళ్లు ఆ కత్తి పట్టుకున్నవాళ్లే అని నా అభిప్రాయం. పౌలు ఏథెన్సులో విగ్రహాలు చూసి లోపల రగిలిపోయాడు, మాట్లాడేటప్పుడు మాత్రం వాళ్ల కవుల మాటే ఎత్తుకున్నాడు.

ఇంకో ప్రశ్న ఉంది, దానికి చరిత్ర తేదీలు పనికిరావు. "మతం మారారు, కులం పోయిందా మరి?" అని. మొదట చెప్పుకున్న వాక్యంలోనే పేతురు నిర్మలమైన మనస్సాక్షి కూడా కావాలన్నాడు. మన సంఘాల్లో పెళ్లి సంబంధాలు చూసేటప్పుడు ముందు ఏది అడుగుతామో మనకు తెలుసు, అడిగే పక్కింటాయనకు ఇంకా బాగా తెలుసు.