ఫర్నేస్ పక్కన మా ఆఖరి సెమిస్టర్

వేడికి కాంక్రీటు ఏమవుతుందో చూసే మా ఫైనలియర్ ప్రాజెక్టు మొదటి కాంక్రీటు క్యూబ్ (దిమ్మ) పరీక్షలోనే పేలిపోయింది. మీటరు 350 డిగ్రీలు దాటుతుండగా ఫర్నేస్ లోపల ఢామ్మని చప్పుడు. "వెనక్కి రండర్రా!" అని సార్ అరిచిన అరుపు నాకింకా గుర్తే. తలుపు తీసేసరికి పిడికెడు ముక్కలు, బూడిదరంగు పొడి మిగిలాయి.

తప్పు మాదే. సిలికా ఫ్యూమ్ అనే అతి మెత్తటి పొడి కలిపిన గట్టి మిక్స్ అది. 28 రోజుల క్యూరింగ్ (తడిగా ఉంచడం) అయ్యాక సరిగా ఆరనివ్వకుండానే వేడెక్కించాం. లోపలి నీరు ఆవిరైంది, అంత దట్టమైన కాంక్రీటులో బయటికి దారి దొరకలేదు.

రెండో బ్యాచ్‌లో ఘనపు మీటరుకి రెండు కిలోల లెక్కన పాలీప్రొపిలీన్ ఫైబర్లు (సన్నటి ప్లాస్టిక్ పోగులు) వేద్దామన్నారు సార్. సుమారు 165 డిగ్రీలకే కరిగిపోయే పోగులు అంత వేడిలో ఏం కాపాడతాయని నేను వాదించాను. ఆయన జవాబు చెప్పలేదు. 600 డిగ్రీలు చూసొచ్చిన క్యూబ్‌ని విరగ్గొట్టి, ముక్కనీ లెన్స్‌నీ నా చేతిలో పెట్టారు. పోగులున్న చోటల్లా సన్నటి బోలు దారులు! ఆవిరి వాటిగుండానే పోయింది. 1996లో బ్రిటన్, ఫ్రాన్స్‌ల మధ్య ఛానల్ టన్నెల్‌లో మంటలు రేగి లోపలి కాంక్రీటు లైనింగ్ పెచ్చులుగా ఊడిన సంగతి ఆరోజే చెప్పారు.

ఉక్కు ఫైబర్ల పని వేరు. పేలుడు ఆపడంలో వాటిని పెద్దగా నమ్ముకోలేం గానీ, పగుళ్లను కుట్టినట్టు పట్టుకుంటాయి. 600 డిగ్రీల తర్వాత మామూలు క్యూబ్‌లు సగం బలం కూడా లేకుండా సీటీఎం (నొక్కి బలం కొలిచే యంత్రం) కింద పొడిపొడి అయ్యాయి. ఉక్కు కలిపినవి చితికినా ఒక్క ముద్దగానే నిలిచాయి.

ఇంకో పాఠం అనుకోకుండా దొరికింది. కాల్చిన కొన్ని క్యూబ్‌లను టెన్షన్‌లో మర్చిపోయి కొన్నాళ్లు షెల్ఫ్ మీదే వదిలేశాం. చూస్తే కొత్త పగుళ్లు! 400 డిగ్రీలు దాటాక గట్టిపడిన సిమెంటులోని కాల్షియం హైడ్రాక్సైడ్ విడిపోయి కాల్చిన సున్నంగా (కాల్షియం ఆక్సైడ్) మారుతుంది. అది గాలిలోని తేమ పీల్చి ఉబ్బుతుంది. చల్లారిపోయింది కదా అని కాంక్రీటుని నమ్మకూడదని నాకు తెలిసింది అక్కడే.

ఈమధ్య కాలిపోయిన ఒక గోదాము చూడటానికి వెళ్లాను. స్తంభం పెచ్చు కొట్టి చూస్తే లోపల లేత గులాబీ రంగు. కంకరను బట్టి ఉంటుంది గానీ, వేడి 300 డిగ్రీలు దాటిందనడానికి అది మంచి ఆనవాలు. అక్కణ్ణించే సార్‌కి ఫోన్ చేశాను.

"రంగు సరే, ఎంత లోతుందో కొలిచావా?" అన్నారు.

టేపు అప్పటికే నా చేతిలో ఉంది.